నాన్న తీసిన నకళ్లు

ఆ బొటనవేలు కనపడకపోతే నేనూ అందరిలాగే దొంగెవడో అని నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. పొద్దున్నే పబ్లిషరు ఫోన్ చేసి, "మేడమ్, మీ పుస్తకం పీడీఎఫ్ అయిపోయి ఊళ్లు తిరుగుతోంది. రెండో ముద్రణ సంగతి ఇక మర్చిపోవాలేమో" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది. రెండో ముద్రణ మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూర్చుని రాసుకున్న ఒకే ఒక్క పుస్తకం అది. నేను పుట్టి పెరిగిన ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయి గురించి. ఆయన పంపిన ఫైలు తెరిచి చూద్దును కదా, అట్ట దగ్గర్నుంచి చివరి పేజీ దాకా ఎవరో ఫోన్‌తో ఫోటోలు తీసి ఒకచోట చేర్చారు. కొన్ని పేజీలు వంకరగా ఉన్నాయి, కొన్నింటి మీద ఫ్యాను నీడ పడింది. ప్రతి పేజీకీ ఎడమ అంచున, పుస్తకం మూసుకుపోకుండా అదిమి పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉంది. గోరు మధ్యలో నిలువునా చీలి, రెండు ముక్కలుగా పెరిగిన వేలు. నా చిన్నప్పుడు రోలింగ్ మిల్లులో నలిగిన వేలు. ఆ చెయ్యి పట్టుకునే నేను బడికి వెళ్లాను.

ఆ వేలు గల మనిషి మా నెహ్రూ నగర్ ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోన్లోకి ఏదో పాత సినిమా దింపుకుంటున్నాడు. మా నాన్నకి ఎనభై దాటి చాలాకాలమైంది. మోకాళ్లు మొరాయించాయి, చెవి ఒకటి సగం పనిచేస్తుంది, ఫోన్ విషయంలో మాత్రం ఇంట్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఏ సినిమా ఎక్కడ ఊరికే దొరుకుతుందో, ఏ పాత పుస్తకం ఎవడు స్కాన్ చేసి పెట్టాడో ఆయనకే తెలుసు. భిలాయి తెలుగు పెద్దల ఫోన్ గ్రూపుకి ఆయనే సరఫరాదారు.

"నాన్నా, నా పుస్తకం గ్రూపులో నువ్వు పెట్టావా?"

"ఆఁ. ఎలాగున్నాది? కూకుని కూకుని తీసేను, నడుం పట్టీసింది." ఆ ముఖంలో ఎంత గర్వమో. "జాముల్ నుంచి ఒకావిడ చదివి ఏడ్చీసిందట. నీకు చెప్పమన్నాది."

"కొనుక్కుని ఏడవొచ్చు కదా నాన్నా. రెండో ముద్రణ ఇక లేదంటున్నాడు పబ్లిషరు."

"ఎవరు కొంటారే? ఇక్కడ పిల్లలకి తెలుగు చదవడం రాదు. చదివీవోళ్లం మిగిలింది గుప్పెడు మంది ముసిలోళ్లం. నేను పెట్టకపోతే వాళ్లేటి కొనీవారా? చదవరు, అంతే. నేనేటి డబ్బులు తీసుకున్నానా? అందరికీ నీ పేరు తెలిసింది. అయినా నాకు తెలీకడుగుతాను, నీ పుస్తకం ఏటైనా తగ్గిందేటి? బీరువాలో ఉన్నాది కదా, చూసుకో."

ఏటైనా తగ్గిందేటి అన్న ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా సెక్టారు క్వార్టర్లో ఆ ప్రశ్న వింటూనే పెరిగాను. దానికి సరైన జవాబు మా అమ్మ ఒకసారి చెప్పింది గానీ, అప్పట్లో నాన్న వినిపించుకోలేదు.

మా క్వార్టరు అంటే ముందో గది, మధ్యో గది, వెనక వంటిల్లు, పెరట్లో ఒక జామచెట్టు. రోజూ పొద్దున్నే అమ్మ చేసే మొదటి పని బట్టలారేసే తీగని తడిగుడ్డతో తుడవడం. తుడవకపోతే నాన్న తెల్లచొక్కా వీపు మీద ఎర్రటి గీత పడేది, ఇనుప ధూళి అలా ఉండేది మరి. గాలి అటు తిరిగిందంటే కోక్ ఓవెన్ల వాసన, ఇటు తిరిగిందంటే పక్కింటి పెరట్లో రాజేసిన బొగ్గుల పొయ్యి వాసన. ప్లాంటు భోంపూ, అదే షిఫ్టు సైరను, కూసిందంటే మా క్వార్టర్ల లైనంతా సైకిళ్ల గంటలే. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చాక నాన్న చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత ఎర్ర సబ్బుతో కడుక్కునేవాడు. ఆ రెండు వాసనలూ కలిస్తే ఇప్పటికీ నాకు నాన్న ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

నాన్న నీతి అంతా ప్లాంటు గేటు దగ్గర ఉండేది. ఆ రోజుల్లో మా లైనులో ప్లాంటు ఇనుముతో చేసిన వస్తువు లేని ఇల్లు లేదు. పీటలు, పొయ్యిలు, కూలర్ స్టాండ్లు, అన్నిటికంటే ముఖ్యంగా పెనాలు. పనికిరాని ప్లేటు ముక్కని గ్యాస్ కట్టర్‌తో గుండ్రంగా కోసి, అంచు నున్నగా చేయించి, మధ్యాహ్నం డబ్బా అడుగున పెట్టి తెచ్చేసుకునేవారు. అదేం తప్పు అని ఎవర్నడిగినా నవ్వేవారు. పక్కింటి వర్మాజీ అయితే, "అరే ఫోర్‌మన్ సాబ్, సముందర్ సే ఏక్ లోటా" అనేవాడు. సముద్రంలోంచి చెంబుడు నీళ్లు ముంచుకుంటే ఏం తగ్గుతుందని ఆయన భావం. మా నాన్న ఒక్కడే డబ్బా ఖాళీగా తెచ్చేవాడు. గేటు దగ్గర అడగకపోయినా మూత తీసి చూపించి మరీ వచ్చేవాడని చెప్పుకునేవారు.

దాంతో అమ్మకి అట్టు వేసుకునే యోగం లేకుండా పోయింది. మా ఇంట్లో ఉన్నది పల్చటి అల్యూమినియం మూకుడు. దాని మీద అట్టు వేస్తే అది మూకుడికే అంకితం. "ఈ ఊళ్లో దేశమంతటికీ రైలు పట్టాలు పోస్తారు. నా ఇంట్లో అట్టు తిరగేసే పెనం లేదు" అని అమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. చివరికి తనే బజారుకెళ్లి, బేరమాడి, బరువైన ఇనుప పెనం ఒకటి కొనుక్కొచ్చింది. నాన్న దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి, అంచు తడిమి, వెనక్కి తిప్పి చూసి, "ఇది మా ప్లేటు మిల్లు సరుకే. ఎవడో గేటు దాటించి బజారులో అమ్మీసేడు" అని తేల్చాడు. డబ్బు పెట్టి కొన్నదే కదా అని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ పెనం బజారుకి తిరిగిపోయింది. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఉప్మా తప్ప మరొకటి వండలేదు. అమ్మ కోపం అలా ఉడికేది.

అంతటి ధర్మరాజూ పాట దగ్గరికొచ్చేసరికి గేట్లన్నీ బార్లా తెరిచేసేవాడు. భిలాయిలో మాకు తెలుగు అంటే ఇంట్లో మాట్లాడుకునేది, ఉత్తరాల్లో వచ్చేది, అంతే. మిగతా లోకమంతా హిందీ. అందుకే విజయనగరం నుంచో శ్రీకాకుళం నుంచో ఎవరైనా రైలు దిగి, సంచిలో ఒక హరికథ క్యాసెట్టో నాటక పద్యాల క్యాసెట్టో తెచ్చారంటే లైనంతా పండగే. తెచ్చినవాళ్లు రెండుసార్లు వినకముందే అది మా ఇంటికొచ్చేది, దాని వెనకే ఖాళీ క్యాసెట్లు పట్టుకుని చుట్టుపక్కల జనం.

అప్పటికి మాకు రెండు అరల టేపు రికార్డరు లేదు. మాదొకటి, వర్మాజీది ఒకటి, రెండింటినీ మధ్యగదిలో మడతపెట్టిన దుప్పటి మీద పెళ్లిచూపుల్లో లాగ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. ఒకటి పాడుతుంటే రెండోది వినాలి. ముందు స్పిరిట్‌లో ముంచిన దూదితో టేపు ఆనే లోపలి హెడ్డుని తుడిచేవాడు, ఇల్లంతా ఆసుపత్రి వాసన. తర్వాత కిటికీలు మూయాలి, ఫ్యాను ఆపాలి. మే నెలలో సైతం ఆపాలి. దగ్గు వస్తే మింగాలి. వంటింట్లో గరిట చప్పుడు కాకూడదు. నాన్న చెమట కారుతున్న బనీనుతో కాపలా కూర్చుని, ఎవరైనా కదిలితే ఆ చీలిన వేలు పైకెత్తి ఆపేవాడు. పాట అయిపోయాక క్యాసెట్టు మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో పాడినవాళ్ల పేరు రాసేవాడు. ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకోలేదు. "అమ్ముకుంటే దొంగతనం. ఇది సేవ. ఇనుము తెస్తే అక్కడ తగ్గిపోద్ది. పాట తెస్తే ఎక్కడ తగ్గింది, చూపించు" అనేవాడు. ఎవరూ చూపించలేకపోయేవారు.

ఇప్పుడు సరోజినత్త సంగతి చెప్పాలి. ఆవిడ భర్త రైల్వేలో ఫిట్టరు, మా సెక్టార్లకి దూరంగా భిలాయి-3 అనే పేటలో ఉండేవారు. వాళ్లు క్రైస్తవులు. ఆవిడ చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో పక్కింటి ముసలమ్మ ఒళ్లో కూర్చుని పెళ్లిపాటలన్నీ నేర్చుకుంది. సీతమ్మకి నలుగు పెట్టడం నుంచి అత్తారింటికి పంపేదాకా అన్నీ ఆవిడ నోటి మీదే ఉండేవి. భిలాయిలో పెరిగిన మా తరం ఆడపిల్లలకి సినిమా పాటలు తప్ప పెళ్లిపాటలు రావు. అందుకని సెక్టార్లలో ఏ తెలుగింట్లో పెళ్లయినా సరోజినత్త ఉండాల్సిందే. అందరికీ బొట్టు పెట్టి పిలిచేవారు, ఆవిడకి బొట్టు పెట్టరు కాబట్టి చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్లు, తమలపాకులు పెట్టి పిలిచేవారు. ఆవిడ చెంగు పట్టి అందుకునేది. అలా పిలిస్తేనే వచ్చేది. పిలవకపోతే సొంత పిన్ని కూతురి పెళ్లికైనా వెళ్లనని నవ్వుతూ అనేది.

పందిట్లో చాప మీద మొదటి చోటు ఆవిడది. ఆవిడ అసలు ప్రతాపం వియ్యాలవారిని ఏడిపించే పాటల్లో బయటపడేది. మగపెళ్లివారు వచ్చి కూర్చోగానే ఒకసారి అందరి ముఖాలూ కలియజూసేది. ఎవరికి ఏ లోపం ఉందో చూసుకుని, ఆ లోపం జోలికి పోకుండా, లేనిదేదో అంటగట్టి పాడేది. ఏనుగులాంటి వియ్యంకుణ్ణి బక్కచిక్కినవాడని, గలగలా మాట్లాడే వియ్యపురాల్ని మూగదని అనేది. అందరూ పడీ పడీ నవ్వేవారు, ఒక్కరి మనసూ నొచ్చేది కాదు. మా అమ్మ ఆవిణ్ణి వదినా అని పిలిచేది, పెళ్లయ్యాక మా ఇంట్లో కాళ్లకి పసుపు రాసి కూర్చోబెట్టి టీ ఇచ్చేది. పసుపు మతం అడగదు కదా అనేది ఆవిడ.

కొన్నాళ్లకి, అందరూ అనగా అనగా, ఆవిడ రాయ్‌పూర్ వెళ్లి స్టూడియోలో పాడి ఒక క్యాసెట్ చేయించుకుంది. అట్ట మీద హార్మోనియం ముందు కూర్చున్న ఆవిడ ఫోటో. రెక్సిన్ సంచి నిండా క్యాసెట్లు వేసుకుని మా తెలుగు సంఘం మీటింగుకి వచ్చింది. మొదటి క్యాసెట్టు కొన్నది మా నాన్నే, గర్వంగా. కొన్న మర్నాడే మధ్యగదిలో దుప్పటి పరిచాడు. "నేను కొన్నాను. నాది నేను ఎవరికిచ్చుకుంటే ఎవరికేటి?" అన్నది అప్పటి వాదన. రెండు నెలలు తిరిగేసరికి సెక్టార్లలో ఆవిడ గొంతు లేని తెలుగిల్లు లేదు, ఆవిడ సంచి మాత్రం అలాగే నిండుగా ఉండిపోయింది.

ఆ తర్వాత వచ్చిన పెళ్లిలోనే అసలు ముచ్చట జరిగింది. మా వెనక లైనులో పెళ్లి. చాప మీద సరోజినత్త కూర్చునే చోట మా టేపు రికార్డరు కూర్చుని ఉంది. విశ్వకర్మ పూజకి లేతుమెషీనుకి పెట్టినట్టు, ఎవరో ముత్తయిదువ దానిక్కూడా కుంకం బొట్టు పెట్టింది. ఆవిణ్ణి ఎందుకు పిలవలేదని అమ్మ అడిగితే, "పాపం, భిలాయి-3 నుంచి ఎండలో ఎందుకు శ్రమ పెట్టడం, పాట ఉన్నాది కదా" అన్నారు. మగపెళ్లివారు వచ్చారు. క్యాసెట్టు వియ్యాలవారి పాట అందుకుంది. స్టూడియోలో వియ్యంకుడెవరూ లేరు కాబట్టి సరోజినత్త ఊహించుకుని మెల్లకన్ను వియ్యంకుడా అని పాడేసి ఉంది. ఇక్కడ వచ్చిన వియ్యంకుడికి నిజంగానే మెల్లకన్ను. పందిట్లో అందరూ తలలు దించుకున్నారు. టేపు రికార్డరు మాత్రం హాయిగా ఆయన కన్ను గురించి రెండో చరణం ఎత్తుకుంది. పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకెళ్లి తీగ పీకాడు గానీ, అప్పటికే మగపెళ్లివారు చెప్పులు వెతుక్కుంటున్నారు. కాళ్లావేళ్లా పడి కూర్చోబెట్టడానికి మా నాన్నా, వర్మాజీ కూడా వెళ్లాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ పసుపు కాళ్లతో గుమ్మంలోనే నిలబడి అంది. "ఏవండీ, పాడే మనిషికి కళ్లుంటాయి. మీ డబ్బాకేవి? పెనం తెస్తే ప్లాంటుకేటీ అయ్యీది కాదు. ఈ పాట తెచ్చి ఆ మనిషిని ఇంట్లో కూకోబెట్టీసేరు. తగ్గిందెక్కడో చూపించమంటారు కదా, ఆ చాప మీద చూడండి." నాన్న ఏదో సర్దుకుంటూ, "ఆవిడకి శ్రమ తగ్గింది" అన్నాడు. మర్నాడు ఉప్మా.

అదంతా మరుగున పడిపోయింది. క్వార్టరు ఖాళీ చేశాం, టేపు రికార్డర్లు పోయాయి, అమ్మ పోయి కూడా ఇరవయ్యేళ్లు దాటింది. పబ్లిషరు ఫోన్ చేసిన ఆ వారంలోనే మా అన్నయ్య కూతురు శ్రేయ మా ఇంటికొచ్చింది. దాని పెళ్లి పనులు మా ఇంట్లోనే. భిలాయిలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది హిందీయే. ఫోన్ పట్టుకుని మా మధ్యకొచ్చి కూర్చుంది.

"అత్తా, సునో నా. పెళ్లికూతుర్ని చేసే రోజు ఈ సాంగ్ పక్కా. వాయిస్ కిత్‌నా స్వీట్ హై!"

తెర మీద ఎక్కడిదో ఒక మండపం బొమ్మ, సంప్రదాయ పెళ్లిపాటలు అని పేరు. పాడినవాళ్ల పేరు లేదు. ఎంతమంది విన్నారో కింద పెద్ద అంకె ఉంది, మధ్య మధ్య సబ్బుల ప్రకటనలు వస్తున్నాయి. గొంతు మాత్రం సరోజినత్తదే. నలుగుపాట రెండో చరణం సగంలో ఉండగా, దూరం నుంచి ఇంకో ఆడగొంతు వచ్చింది. "ఏవండీ, పాలు పొంగిపోతన్నాయి. ఇక నోరిప్పొచ్చునా?"

మా అమ్మ గొంతు.

శ్రేయ కిసుక్కున నవ్వి, "తాతా, ఏ దేఖో, అందరూ కామెంట్లలో అడుగుతున్నారు, పాలు పొంగిపోయిన ఆంటీ ఎవరని" అంది. అది నానమ్మని సరిగ్గా చూడలేదు కూడా. నాన్న చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. పనిచేసే చెవికి ఆనించుకుని మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టింది. ఇంకోసారి అన్నాడు. ఆ పాలు పొంగిన రోజు నాకు గుర్తే. నాన్న వేలెత్తి ఆపమన్నాడు, అమ్మ ఆగలేదు. తిరిగి మొదటినుంచి చేసే ఓపిక లేక ఆ నకలు అలాగే ఎవరికో ఇచ్చేశాడు. దాన్నుంచి ఇంకెవరో, వాళ్లనుంచి మరెవరో తీసుకుని, చేతులు మారి మారి ఇంటర్నెట్లోకి ఎక్కిందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో నకళ్లు తీసే లోకాన్నంతటినీ క్షమించేయాలనిపించింది. ఆ దొంగ నకలు లేకపోతే అమ్మ గొంతు మాకు మళ్లీ వినపడేది కాదు.

నాన్న మాత్రం తెర కింద వేలితో తడుముతున్నాడు. "పేరేదే? సరోజినమ్మ పేరు రాసేను కదా లేబులు మీద. గుండ్రంగా రాసేను."

"ఎక్కడో రాలిపోయి ఉంటుంది నాన్నా."

"గొంతుండి పేరు రాలిపోద్దేటి?" అని ఆయన తెరని ఇంకోసారి పైకీ కిందకీ జరిపి చూశాడు. నా పుస్తకం గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ ఆగాను. అమ్మ చెప్పాక మనం చెప్పేదేముంటుంది? ఆయనే ఫోన్ పక్కన పెట్టి అడిగాడు. "ఆవిడ ఉన్నాదా?"

"ఉంది. భిలాయి-3లోనే, కొడుకు దగ్గర."

"అయితే కొబ్బరికాయ కొను. పిలవడానికి నేనొస్తాను."

దారంతా కారులో తనలో తనే ఏదో గొణుక్కుంటున్నాడు. ఆవిడ రానంటే ఏం చెప్పాలో అభ్యాసం చేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. సరోజినత్త గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. జుట్టు ముగ్గుబుట్ట అయింది, ఆ చూపు మాత్రం అప్పటిదే, వచ్చినవాళ్ల ముఖాలు కలియజూసే చూపు. గుండీలు పోసుకున్న డబ్బా వైపు నా కళ్లు పోయాయి. క్యాసెట్టు డబ్బా. దాని మీద హార్మోనియంతో ఆవిడ ఫోటో, వెలిసిపోయి.

"అమ్ముడవనివి చాలా ఉండిపోనాయమ్మా" అంది నవ్వుతూ. "గుండీలకి, లవంగాలకి, పిన్నీసులకి ఇల్లంతా ఇవే. మంచి డబ్బాలు, మూత ఊడదు."

నాన్న నిలబడే ఉన్నాడు. "సరోజినమ్మా, మా మనవరాలి పెళ్లి. నువ్వొచ్చి పాడాలి."

"నా పాట మీ కాడే ఉన్నాది కదా అన్నియ్యా. మళ్లీ నేనెందుకు?"

నాన్న అభ్యాసం చేసుకున్నదేదో ఎగిరిపోయినట్టుంది. ఆవిడ సూది ఆపింది. "కోపంతో అన్లేదు. ఒకపాలి మా ఆయన సైకిలెనకాల కూకుని సెక్టార్లో ఎల్తన్నాను. ఏదో పందిట్లోంచి నా గొంతినిపించింది. ఆపమన్నాను. ఎవులింట్లో పెళ్లో తెలీదు. లోపల నేను పాడతన్నాను, బయట నేను నిలబడ్డాను. మా ఆయన, నీ గొంతే కదే, లోపలికెల్లు అన్నాడు. ఎలాగెల్తాను? గొంతుని పిలిచేరు గాని నన్ను పిలవలేదు కదా."

మా నాన్న వాదించకుండా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. ఎవరూ కొనేవారు కాదని, సేవ అని, పేరు వచ్చిందని, ఏదీ అనలేదు. "పాట తగ్గదనుకున్నాను" అన్నాడు. "తగ్గింది నువ్వు. మా ఆవిడ అప్పుడే చెప్పింది, నేనే ఇనిపించుకోలేదు. తప్పయిపోనాదమ్మా." కొబ్బరికాయ, అరటిపళ్లు, తమలపాకులు రెండు చేతులతో ముందుకి చాపాడు. ఆవిడ తీసుకుంటుందో లేదో నాకు తెలీలేదు.

సరోజినత్త ఆ పళ్ల కేసి చూసింది. "ఎన్నాళ్లయిందో ఇలాగ పిలిచి" అంది. గుండీల డబ్బా పక్కన పెట్టి, చెంగు పట్టింది. "చాప మీద కూకోలేను. కుర్చీ వెయ్యాలి మరి."

పెళ్లికూతుర్ని చేసిన రోజు పొద్దున్న మా ముందుగదిలో మొదటి వరసలో ఆవిడ కుర్చీ. శ్రేయ తలకి నూనె పెట్టి నలుగు మొదలెట్టగానే ఆవిడ పాట అందుకుంది. గొంతు మునుపటంత పైకి వెళ్లడం లేదు, మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. అయినా నలుగుపిండి వాసనా, ఆ పాటా కలిసి రాగానే మా సెక్టారు పెళ్లిళ్లన్నీ ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాయి. అప్పుడు ఒక నకలు తియ్యాలంటే చెమటలు కక్కుతూ పాటంతసేపూ కూర్చోవాలి, ఎవరికిచ్చామో ముఖం తెలిసేది. ఇప్పుడు కనురెప్ప వేసేలోగా నకలు లోకమంతా పాకిపోతుంది, ఎవరి ముఖమూ తెలీదు. మధ్యలో పోయేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనుకుంటున్నాను. అలా అనుకుంటూ తలెత్తి చూస్తే గదినిండా ఫోన్లు. పెళ్లికూతురు కూడా నూనె చేత్తోనే ఫోన్ ఎత్తి పట్టుకుంది.

సరోజినత్త పాట ఆపింది. అందరి ముఖాలూ కలియజూసింది. ఆ చూపు వచ్చి మా నాన్న దగ్గర ఆగింది. తాళం మార్చి, అప్పటికప్పుడు కట్టి అందుకుంది:

"పెట్టెలోన పాట పెట్టి
పేరంటాలికి సెలవిచ్చిన
పెద్దమనిషి ఈయనేనమ్మా
పెళ్లికూతురి తాతగారమ్మా!"

గదంతా గొల్లుమంది. లేని లోపమే అంటగట్టే మనిషి మొట్టమొదటిసారి ఉన్న లోపాన్ని పట్టుకుని పాడింది. మా నాన్న బోసినోరు తెరిచి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వు ఆగాక ఆవిడ, "దించండమ్మా ఫోన్లు. నేర్చుకుంటానంటే ఇలా నా పక్కన కూకోండి, ఎన్నిసార్లయినా చెప్తాను. మళ్లీ ఇనాలంటే మళ్లీ పిలవండి. వస్తాను" అంది. ఒక్కొక్కటే ఫోన్లు దిగాయి. శ్రేయ పీటని కుర్చీ దగ్గరకి జరుపుకుని, "ఫస్ట్ లైన్ ఫిర్ సే బోలో నా, నానమ్మా" అంది.

అందరూ వెళ్లిపోయాక నాన్న వరండాలో తన కుర్చీలో కూర్చుని నన్ను పిలిచాడు. ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టి ఉంది.

"వచ్చే నెల మనింట్లో ఏదైనా శుభకార్యం ఉన్నాదేటమ్మా?"

"ఏముంటాయి నాన్నా? ఈ పెళ్లితో సరి."

"నీ పుస్తకం రెండోసారి అచ్చయితే అది శుభకార్యం కాదేటి? గ్రూపులో ఒకొక్కరింటికీ ఎల్లి కొబ్బరికాయ పెట్టి పిలుస్తాను. పుస్తకం కొన్నోళ్లకే సరోజినమ్మ పాట." చీలిన బొటనవేలితో ఫోన్ నా వైపు తోశాడు. "ఆ పబ్లిషరుకి కలుపు. నేను మాటాడతాను."